ఉప్పు – రక్తపోటు

"ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు" అని పెద్దలు అంటారు. తప్పు చేసినవాడి గురించి ఆ మాట అంటారు గానీ, సైన్సు ప్రకారం కూడా అది నిజమే. బి.పి. సంగతి అందులోనే ఉంది.

ఉప్పు అంటే సోడియం క్లోరైడ్. 1 గ్రాము ఉప్పులో సుమారు 400 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. అది రక్తంలో కలిసినప్పుడు రక్తం మరీ ఉప్పగా కాకుండా శరీరం నీటిని ఆపుకుంటుంది. దాహం కూడా వేస్తుంది. ఎక్కువైన సోడియాన్ని మూత్రపిండాలు మూత్రంలో పంపేస్తాయి. కానీ రోజూ ఎక్కువే వస్తుంటే చాలామందిలో అవి సరిగ్గా పంపలేవు. అప్పుడు రక్తనాళాల్లో ద్రవం పెరుగుతుంది. మన ఊళ్ళకి కొండ ఊట నుండి పైపు వేశారు కదా, వానాకాలం ఊట పెరిగితే అదే పైపులో నీళ్ళు ఎంత జోరుగా వస్తాయో, జాయింట్లు ఎలా ఊడిపోతాయో చూశాం. రక్తనాళం కూడా పైపు లాంటిదే. కాకపోతే అది ఏళ్ళ తరబడి ఓర్చుకుంటుంది, తరువాత గట్టిపడుతుంది. మెదడులో నాళం పగిలినా పూడుకుపోయినా పక్షవాతమే. గుండె, మూత్రపిండాలు కూడా పాడవుతాయి.

బి.పి. 120/80 దగ్గర ఉంటే మంచిది. పెద్దవాళ్ళకి మళ్ళీ మళ్ళీ చూసినా 140/90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అధిక రక్తపోటు అంటారు. మా అమ్మమ్మకి నర్సమ్మ చూస్తే 170/100 వచ్చింది. "నాకు ఏ నొప్పీ లేదు, జబ్బెక్కడిది?" అని అమ్మమ్మ రెండు వారాలకే మాత్రలు ఆపేసింది. ఈ జబ్బులో మోసం ఇదే, చాలామందికి ఏమీ తెలియదు. ఉప్పు తగ్గించినా సరే, డాక్టరు చెప్పకుండా మాత్రలు ఆపకూడదు.

అమ్మమ్మ చిన్నప్పుడు సంతలో చింతపండు ఇచ్చి ఉప్పు తెచ్చుకునేవారట. చిటికెడు చిటికెడు వాడేవారట. ఇప్పుడు చోడి అంబలిలో ఉప్పు, పక్కన ఎండుచేప, దాని మీద పచ్చడి!

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా ఉప్పు చాలంటుంది. పిల్లలకి ఇంకా తక్కువ. 1988లో 32 దేశాల్లో 10,000 మందికి పైగా జనాన్ని పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. అందులో బ్రెజిల్ అడవుల్లోని యానోమామి ఆదివాసులు కూరల్లో ఉప్పే వేసుకోరు. వాళ్ళ సగటు బి.పి. సుమారు 96/61. ముసలివాళ్ళైనా పెరగలేదు. ఇది చదివి నాకు చాలా సంతోషమైంది, వాళ్ళూ మనలాంటి వాళ్ళే కదా. అయితే వాళ్ళు లావుగా ఉండరు, బాగా కష్టపడతారు, అదీ లెక్కలోకి తీసుకోవాలి.

ఉప్పు పూర్తిగా మానమని నేను అనడం లేదు. అయోడిన్ ఉప్పే వాడాలి, లేకపోతే మెడ దగ్గర గాయిటర్ వాపు వస్తుంది. సంతలో అమ్మే విడి రాళ్ళ ఉప్పులో అయోడిన్ ఉందో లేదో తెలియదు. విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగాలి, అది వేరే విషయం.

చిరుతిళ్ళ ప్యాకెట్టు వెనక సోడియం అని రాసి ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. 800 మిల్లీగ్రాములు అని ఉంటే 2 గ్రాముల ఉప్పు అన్నమాట.

మన హాస్టల్ లెక్క కూడా చూశాను. వంట ఆయమ్మని అడిగితే రోజుకి ఒకటిన్నర కిలో పడుతుంది అన్నారు. మనం 240 మందిమి. 1500ని 240తో భాగిస్తే 6.25 గ్రాములు! పచ్చడి, చిప్సు, అన్నం మీద చల్లుకునే ఉప్పు ఇందులో లేవు. సాంబారు పలుచగా ఉందని ఉప్పు చల్లుకుంటున్నారు, ఉప్పు వేస్తే అది చిక్కబడుతుందా? చింతపండు, కొత్తిమీర కొంచెం ఎక్కువ వేయించమని మేడమ్ గారిని కోరుతున్నాను. ఉప్పు గిన్నెలు బల్లల మీద కాకుండా వంటగదిలో ఉంచితే, నెలాఖరున మళ్ళీ లెక్క కట్టి ఈ గోడ మీదే రాస్తాను.