పాత కారు కొనేవారికి: ఏ దేశంలో ఏ తనిఖీ?

రోడ్డెక్కే కారు విషయంలో చట్టం రెండు వేర్వేరు సంగతులు చూస్తుంది. గడువు ప్రకారం తనిఖీ చేయించి కాగితం తీసుకోవడం ఒకటి. నడిపే ప్రతి రోజూ బండి ఎవరికీ ప్రమాదం తేని స్థితిలో ఉండడం రెండోది. కారు పాతబడేకొద్దీ కొన్ని దేశాలు మొదటి విషయంలో మినహాయింపు ఇస్తాయి. రెండోదాన్ని మాత్రం వదలవు. ‘ఈ బండికి టెస్టు అక్కర్లేదు’ అని అమ్మే మనిషి చెప్పిన మాట అక్షరాలా నిజమే కావచ్చు. బ్రేకులు పడతాయో లేదో ఆ మాటలో లేదు.

ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది బ్రిటన్‌లో. అక్కడ మామూలు కారుకు మూడేళ్లు నిండినప్పటి నుంచి ఏటా ఎంవోటీ పరీక్ష ఉంటుంది. 40 ఏళ్లు దాటిన కారుకు 2018 మే 20 నుంచి ఆ పరీక్ష తప్పనిసరి కాదు. అయితే గత 30 ఏళ్లలో దానికి పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఛాసిస్, ఇరుసులు, ఇంజన్ వంటివి మార్చడం పెద్ద మార్పు కిందికి రావచ్చు. అదే ఇంజన్‌లో వేరే సీసీది, లేదా ఆ మోడల్‌కు కంపెనీయే ఇచ్చిన మరో ఇంజన్ వేస్తే ఇబ్బంది లేదు. మార్పులు జరగలేదని వి112 ఫారంలో రాసివ్వాల్సింది బండి ఎవరి పేరున ఉందో వాళ్లే. పాత యజమాని 2005లో ఇంజన్ మార్పించి ఆ సంగతి చెప్పకుండా అమ్మితే, తెలియక సంతకం పెట్టిన కొత్త యజమానికే చిక్కు.

టెస్టు లేకపోయినా ప్రమాదకరమైన స్థితిలో ఉన్న బండిని నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు, లైసెన్సు మీద పాయింట్లూ పడతాయి. రోడ్డుకు పనికిరాని బండిని అమ్మడం కూడా 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం కింద నేరమే. డీలర్ దగ్గర కొన్నవారికి 2015 వినియోగదారుల హక్కుల చట్టం అండగా ఉంటుంది. కొన్నప్పుడే లోపం ఉందని తేలితే 30 రోజుల్లోపు కారు తిరిగిచ్చి డబ్బు వెనక్కి అడగవచ్చు. డీలర్ కాని ప్రైవేటు వ్యక్తి దగ్గర కొంటే అంత రక్షణ లేదు. చెప్పిన వివరాలు అబద్ధమని రుజువు చేయగలిగితేనే దావా నిలుస్తుంది. కాబట్టి ప్రకటన, మెసేజులు, ఫోటోలు దాచుకోవాలి. ఆన్‌లైన్‌లో బండి నంబరు కొడితే పాత ఎంవోటీ ఫలితాలు ఉచితంగా కనిపిస్తాయి. తుప్పు గురించి ఏటా ఒకే హెచ్చరిక కనిపించి, ఆ తర్వాత కారు మినహాయింపులోకి వెళ్లిందంటే అనుమానించాల్సిందే. మినహాయింపు ఉన్నా అడిగి ఎంవోటీ చేయించుకోవచ్చు, బేరానికి ముందు ఆ ఖర్చు దండగ కాదు. ఆ పరీక్షలోనూ భాగాలు విప్పి చూడరు, ఫలితం ఆ రోజు స్థితికే వర్తిస్తుంది.

జర్మనీ దారి వేరు. అక్కడ వయసుతో తనిఖీ పోదు. 30 ఏళ్లు దాటిన కారు అసలు రూపంలో, మంచి స్థితిలో ఉందని నిపుణుడు నివేదిక ఇస్తే నంబరు చివర ‘హెచ్’ అక్షరం వస్తుంది. ఏడాదికి 191.73 యూరోల స్థిర పన్ను కడితే సరిపోతుంది. రెండేళ్లకోసారి తనిఖీ మాత్రం తప్పదు. ఫ్రాన్స్‌లో సేకరణ వాహనంగా నమోదైన కారుకు అయిదేళ్లకోసారి చాలు, 1960కి ముందువాటికి అదీ లేదు. జపాన్‌లో రెండేళ్ల తనిఖీ సాగుతూనే ఉంటుంది, పైగా 13 ఏళ్లు దాటిన పెట్రోలు కారుకు పన్ను పెరుగుతుంది.

అమెరికాలో రాష్ట్రానిదో తీరు. సొంత కార్ల భద్రతా తనిఖీని టెక్సస్ 2025 జనవరి నుంచి ఎత్తేసింది. వర్జీనియాలో ఏటా చేయించాలి. పెన్సిల్వేనియాలో 25 ఏళ్లు దాటిన కారుకు పురాతన వాహనం ప్లేటు తీసుకుంటే ఏటా తనిఖీ ఉండదు, కానీ ఆ కారులో రోజూ ఆఫీసుకు వెళ్లడం కుదరదు. బయటి దేశం నుంచి తెచ్చుకునే కారుకు 25 ఏళ్లు నిండితే కేంద్ర భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. అంతమాత్రాన రాష్ట్రం రిజిస్ట్రేషన్ చేయాలని లేదు. డీలర్ కారు అద్దానికి అతికించే పత్రంలో ‘ఉన్నది ఉన్నట్టు’ అని గుర్తు పెట్టి ఉంటే, రిపేర్ల ఖర్చు కొన్నవారి నెత్తినే పడుతుంది.

ఇక భారతదేశం. మన అంబాసిడర్ పుట్టింది బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచే. 1950లలో తయారైన ఆ మోరిస్‌ను బ్రిటన్‌లో టెస్టు లేకుండా రోజూ నడుపుకోవచ్చు. 1970 నాటి అంబాసిడర్‌ను హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నడపాలంటే రెండు దారులున్నాయి. మొదటిది మామూలు దారి. సొంత కారు ఆర్సీ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత అయిదేళ్లకోసారి ఆర్టీవో దగ్గర బండి చూపించి పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కారుకు ఆ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. గ్రీన్ ట్యాక్స్ ఉన్న చోట అది అదనం.

రెండోది 2021 జూలైలో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని కార్లకు, టూవీలర్లకు ఇది వర్తిస్తుంది. కొత్తగా నమోదు చేయిస్తే ‘వీఏ’ అక్షరాలతో నంబరిస్తారు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, మళ్లీ చేయించడానికి 5,000. ఆకర్షణీయంగానే ఉంటుంది కానీ ర్యాలీ, ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, పెట్రోలు, రిపేరు వంటి పనులకే రోడ్డెక్కాలి. పెళ్లిళ్లకు అద్దెకిస్తే నిబంధన ఉల్లంఘించినట్టే. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చిన బండికి ఈ అవకాశం లేదు. పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ దింపిన అంబాసిడర్లు చాలానే కనిపిస్తాయి, కాబట్టి ఆర్సీలోని ఇంజన్, ఛాసిస్ నంబర్లను బండి మీద చెక్కిన నంబర్లతో పోల్చుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.

వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ కావాలి, ఇక్కడ పన్ను కట్టాలి. కొన్నవారు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ప్రమాద పరిహారం విషయంలో ఆర్సీలో పేరున్న మనిషే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. కాబట్టి పేరు మారేదాకా అమ్మినవారికీ బాధ్యత తప్పదు. థర్డ్ పార్టీ బీమా లేకుండా, పక్క వీధి మెకానిక్ దగ్గరకైనా సరే, కారు బయటికి తీయకూడదు.