నేలలో నిద్రించు కప్ప



గత వేసవిలో మన పీణ్యలో ఒక ఇంటి పెరడు త్రవ్వుచుండగా అడుగు లోతున ఒక కప్ప బయటపడినది. కాళ్లు ముడుచుకొని, కన్నులు మూసికొని, మట్టిముద్దవలె కదలకుండెను. ఆ ఇంటి పిల్లలలో ఒకడు చచ్చినదని పారవేయబోయెను. రెండవవాడు దీపము క్రింద వెచ్చజేసి పెంచుకొందమని సీసాలో నుంచి నాయొద్దకు తెచ్చెను. ఇరువురును పొరబడిరి. అది నిద్రించుచున్నది.

మన దేహపు వేడిమి అన్ని ఋతువులందును ఇంచుమించు 37 డిగ్రీల సెంటిగ్రేడు. కప్ప వేడిమి పరిసరముల ననుసరించి మారుచుండును. అది నీటిని నోటితో త్రాగదు, చర్మముతో పీల్చుకొనును. ఊపిరితిత్తులతోపాటు చర్మముతోను శ్వాసించును. చర్మము ఎండినచో బ్రతుకజాలదు. అందుచేత వానలు వెనుకబడి నేల ఎండగానే కొన్ని కప్పలు వెనుకకాళ్లతో మట్టిని త్రవ్వుచు లోనికి దిగును. అచట ఆహారము మాని, గుండె, శ్వాస మందగింపగా, దాచుకొన్న క్రొవ్వుతో నెలలు గడుపును. దీనినే గ్రీష్మకాల సుప్తావస్థ యందురు. తొలకరి నీరు ఇంకగానే మేల్కొని పైకి వచ్చును. కప్పలు వానతో ఆకాశమునుండి పడునను మాట వట్టిది.

చలిదేశములలో శీతాకాల సుప్తావస్థ కలదు. ఉత్తర అమెరికాలోని అడవికప్ప దేహములోని నీరు సగమునకు మించి గడ్డకట్టినను, గ్లూకోజు దాని కణములను కాపాడును. వసంతమున అది మరల గెంతును. అట్టి దేశములలో ఉష్ణదేశపు కప్పలను పెంచువారు పెట్టెకు వేడి కల్పింపవలెను. చలిలో వానికి తిన్నది అరుగదు. మన ఊరి కప్పకు ఆ యవసరము లేదు. దీపపు వేడి దాని చర్మము నార్చి ప్రాణము తీయును.

మన 'కప్ప'యే కన్నడిగుల 'కప్పె'. బెంగళూరు శివార్లలో మట్టి త్రవ్వుకొను ఒక కప్పను శాస్త్రజ్ఞులు 2020లో క్రొత్తజాతిగా గుర్తించి 'స్ఫేరోథెకా బెంగళూరు' అని పేరిడిరి. మహానగరపు మట్టిలో ఇంకను తెలియని ప్రాణులు నిద్రించుచున్నవన్నమాట!

తలిదండ్రులకు ఒక మనవి. పెరడంతయు సిమెంటు చేయింపక, ఒక మూల మట్టినేల విడువుడు. త్రవ్వునప్పుడు కప్ప కనబడినచో నీడలో, తడిమట్టిలో, వదులుగా కప్పి విడువుడు.

ఆ పిల్లలు అట్లే చేసిరి. తొలివాననాటి రాత్రి ఆ పెరటినుండి కప్పకూత వినవచ్చెను. అది ఆ కప్పయో వేరొకటియో చెప్పజాలను. పిల్లలు మాత్రము నడురేయి వరకు కిటికీ విడువలేదని వారి తల్లి చెప్పినది.