తవ్వే ముందు తెలపాలి: కాల్ బిఫోర్ యు డిగ్

హైదరాబాద్‌ బోరబండలో ఒకే గల్లీ కింద జలమండలి పైపు, డిస్కం కేబుల్, టెలికాం ఫైబర్ ఉండొచ్చు. ఒకరు తవ్వితే ఇంకొకరి లైను తెగుతుంది. దేశం మొత్తమ్మీద ఈ నష్టం ఏటా సుమారు రూ.3,000 కోట్లని కేంద్రం అంచనా.

దీనికి విరుగుడుగా టెలికాం శాఖ, గాంధీనగర్‌లోని బిసాగ్-ఎన్ సంస్థ కలిసి తెచ్చిన యాప్ ‘కాల్ బిఫోర్ యు డిగ్’. ప్రధాని మోదీ 2023 మార్చి 22న ప్రారంభించారు. తవ్వే సంస్థ వివరాలు నమోదు చేస్తే, అక్కడ ఆస్తులున్న సంస్థలకు ఎస్సెమ్మెస్, ఈమెయిల్ వెళ్తాయి. మ్యాపుకెక్కని పాత పైపుల సంగతి మాత్రం ఏ యాప్‌కూ తెలియదు!

ఈ యాప్ మౌలిక వసతుల సమన్వయ ప్రణాళిక అయిన పీఎం గతిశక్తిలో భాగం. పోటీ పరీక్షల బిట్లలో తికమకపెట్టేవి తేదీలే: గతిశక్తి 2021 అక్టోబర్ 13న, ప్రాజెక్టులను సమీక్షించే ‘ప్రగతి’ వేదిక 2015 మార్చి 25న మొదలయ్యాయి. గతిశక్తి సాధికార కార్యదర్శుల బృందానికి కేబినెట్ కార్యదర్శి అధ్యక్షుడు.