నాయనమ్మ తెచ్చే నేతి డబ్బా

పిల్లలూ! మన వోల్ఫ్స్‌బర్గ్‌కు తూర్పున, కొద్ది దూరంలోనే ఒకప్పుడు పెద్ద కంచె ఉండేది. అది రెండు జర్మనీల మధ్య సరిహద్దు. 1989 నవంబరులో ఆ దారులు తెరుచుకొన్నాయి. 1990 అక్టోబరు 3న రెండూ ఒకే దేశమైనాయి. ఇప్పుడు అక్కడ మిమ్మల్ని ఆపేవారు లేరు.

మరి హైదరాబాదు నుండి వచ్చే మీ నాయనమ్మ సరిహద్దు ఎక్కడ దాటుతుంది? విమానం దిగిన చోటనే! ఆమె ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిందనుకొందాం. మొదట పాస్‌పోర్టు, వీసా చూస్తారు. సామాను తీసుకొన్నాక రెండు దారులు కనబడతాయి. అధికారులకు చూపవలసిన వస్తువులున్నవారు ఎర్ర గుర్తు దారిన, లేనివారు పచ్చ గుర్తు దారిన వెళ్లాలి.

విమానంలో వచ్చేవారు 430 యూరోల విలువ వరకు కానుకలు సుంకం లేకుండా తేవచ్చు. పదిహేనేళ్లలోపు వారికి 175 యూరోలే. ఒక్క నగ ఖరీదే 500 యూరోలైతే, పైనున్న 70కి కాదు, మొత్తం 500కూ సుంకం కట్టాలి.

నెయ్యి, పాలకోవా, కోడిమాంసం పచ్చడి మాత్రం కొంచెమైనా తేరాదు. ఎందుకో తెలుసా? పశువుల గాలికుంటు వ్యాధి పాల ద్వారా, మాంసం ద్వారా కూడా వ్యాపిస్తుంది. 1988 తరువాత జర్మనీలో కనబడని ఆ వ్యాధి 2025 జనవరిలో బెర్లిన్ సమీపాన ఒక గేదెల మందలో బయటపడింది. ఆ మందనంతా చంపవలసి వచ్చింది. “నెయ్యి కాచినదే కదా!” అని మీరు అడగవచ్చు. ఏ డబ్బా ఎట్లా కాచారో అధికారి చూచి చెప్పలేడు. అందుకే అందరికీ ఒకటే నియమం. మామిడిపండ్లకు ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కొబ్బరికాయకు అక్కరలేదు.

ఇక పన్ను సంగతి. నాయనమ్మ మన ఊళ్లో 119 యూరోలకు బొమ్మకారు కొన్నది. అందులో 19 యూరోలు అమ్మకపు పన్ను. కొనుగోలు 50 యూరోలు మించితే, ఐరోపా సమాఖ్య బయట నివసించేవారు ఆ పన్ను తిరిగి కోరవచ్చు. కొన్న నెల తరువాత మూడు నెలలలోపు వస్తువును వెంట తీసుకొనిపోవాలి. విమానాశ్రయంలో వస్తువు, దుకాణంవారిచ్చిన పత్రం, పాస్‌పోర్టు చూపి ముద్ర వేయించుకోవాలి. అందుకు ఒప్పుకొన్న దుకాణమే పన్ను తిరిగి ఇస్తుంది. ఇక్కడే నివసించే మీకు ఈ వీలు లేదు.

సందేహముంటే ఎర్ర గుర్తు దారినే వెళ్లి అడగాలి. అడిగితే తప్పు లేదు, దాస్తేనే తప్పు. ఈ మాట నాయనమ్మ పెట్టె సర్దుకోకముందే ఉత్తరంలోనో, ఫోనులోనో చెప్పండి. నేతి డబ్బా ఇంటివద్దనే క్షేమంగా ఉంటుంది.

అభ్యాసము
1. పాల పదార్థాలను ఎందుకు తేనివ్వరు?
2. మీ నాయనమ్మకు ఈ నియమాలు తెలుపుతూ ఉత్తరం వ్రాయండి.