కాందిశీకుల జాడ – సెల్‌ఫోను లెక్క

కాందిశీకుడు అనగానే దేశపు సరిహద్దు దాటి వచ్చినవాడు మన మనస్సులో మెదలుతాడు. కాని స్వదేశంలోనే ఇల్లు విడిచి తరలిపోయినవారి సంఖ్య లోకంలో అంతకంటె అధికం. సరిహద్దు దాటరు గనుక వారి జాడ తెలియడం కష్టం. ఆ జాడను సెల్‌ఫోను లెక్కల ద్వారా తెలుసుకొనే పద్ధతిని, దాని గుణదోషాలను విద్యార్థులకు వివరించడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

మన అంబర్‌పేటనే ఉదాహరణగా తీసుకొందాము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్నది. 2020 అక్టోబరులో కురిసిన కుండపోతకు మూసీ మళ్లీ పొంగి మూసారాంబాగ్ వంతెనను ముంచివేసింది. అట్టి రాత్రి ఏటి ఒడ్డున ఉన్న ఒక కుటుంబం సహాయ శిబిరానికి పోక, నారాయణగూడలోని మేనమామ ఇంట తలదాచుకొన్నదనుకొందాము. శిబిరపు పట్టీలో ఆ కుటుంబం ఉండదు. బియ్యమూ మందులూ పంచే అధికారి దృష్టిలో అది లేనట్లే.

ఫోనులో మాట్లాడినప్పుడెల్ల సమీపపు టవరు దానిని అందుకొంటుంది. ఏ నంబరు, ఏ వేళ, ఏ టవరు అనే మూడు సంగతులు కంపెనీ లెక్కలలో నమోదవుతాయి. పరిశోధకులకు ఇచ్చేముందు నంబరును తొలగించి, ఒక సంకేతం ఉంచుతారు. రాత్రివేళ తరచు కనిపించే టవరు ప్రాంతమే నివాసమని భావిస్తారు. అంబర్‌పేటలో ఉండవలసిన ఫోను వరుసగా అనేక రాత్రులు నారాయణగూడలో కనిపిస్తే, ఆ మనిషి తరలిపోయినట్లు గ్రహిస్తారు.

2010 జనవరి 12న హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు స్వీడన్, అమెరికా పరిశోధకులు సుమారు 19 లక్షల సిమ్‌ల కదలికలను పరిశీలించారు. 19 రోజులలో రమారమి 6,30,000 మంది రాజధానిని విడిచినట్లు అంచనా కట్టారు. అంతకుముందు క్రిస్మస్, నూతన సంవత్సర దినాలు ఎక్కడ గడిపారో, అనేకులు ఆ చోట్లకే చేరినట్లు తరువాత తేలింది. ఆపదలో మనిషి దిక్కుతోచక పరుగెత్తడు. అయినవారి గడపకే పోతాడు.

అయితే ఈ లెక్క ఫోన్లను లెక్కిస్తుంది గాని మనుషులను కాదు. 2005 తరువాత సల్వాజుడుం కల్లోలానికి తాళలేక బస్తర్ విడిచి, నాటి ఖమ్మం జిల్లా అడవులకు చేరిన గుత్తికోయలను తలచుకోండి. టవరు లేనిచోట, చేత ఫోను లేనివారు ఈ లెక్కకు అందరు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట ఐదుగురు ఒక్కరవుతారు. అందరికంటె నిరుపేదలే ముందు మరుగున పడతారు.

మరొక ప్రమాదమూ ఉన్నది. పేరు తొలగించినా, పగలు ఎక్కడ, రాత్రి ఎక్కడ అన్నది తెలిస్తే మనిషిని పోల్చవచ్చు. హింసకు వెరచి పారిపోయినవానికి జాడ బయటపడడమే ప్రాణాపాయం. గోప్యత ప్రాథమిక హక్కు అని మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. కావున వ్యక్తుల జాడ కాక, ప్రాంతాలవారీ మొత్తాలు మాత్రమే వెల్లడి కావలె.

విద్యార్థులారా! యంత్రం చూపనిది కాలినడకన తెలుసుకోవలె. కమిటీ పెద్దలు అనుమతిస్తే, వచ్చే వానకాలానికి ముందే మూసీ ఒడ్డు బస్తీలలో ఇంటికి ఎందరు, ఫోన్లు ఎన్ని, ఆపదలో ఏ బంధువు ఇంటికి పోగలరు అని వారి సమ్మతితో అడిగి వ్రాసుకొందాము. ఆ చిన్న పుస్తకం టవరు లెక్కలోని లోటును పూరిస్తుందని మా నమ్మకం.