పాఠం 17: నెలసరి సాధనాలు – విద్యార్థినులకు అందుబాటు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- మళ్లీ మళ్లీ వాడదగిన నెలసరి సాధనాలను గురించి చెప్పగలుగుతారు.
- వాటి ఖర్చును లెక్కించగలుగుతారు.
- ‘అందుబాటు’ అంటే ధర ఒక్కటే కాదని వివరించగలుగుతారు.

17.1 ప్రవేశిక

1907లో ఉక్కు కర్మాగారానికి ఎంపికైన చిన్న గ్రామం సాక్చి. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. సాక్చి ఇప్పుడు ఆ నగరంలో ఒక పేట. కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. సాక్చిలో కొల్హాన్ విశ్వవిద్యాలయానికి చెందిన మహిళా కళాశాల ఉంది. అక్కడ చదివే ఒక విద్యార్థినిని దృష్టిలో ఉంచుకొని ఈ పాఠం చదవండి.

బాలికల కోసం కొన్ని పథకాలు వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం 2011లో 10–19 ఏళ్ల బాలికలకు తక్కువ ధరకు ప్యాడ్లు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ప్రారంభమైన ‘స్వేచ్ఛ’ పథకం 7 నుంచి 12వ తరగతి వరకు ఉద్దేశించినది. డిగ్రీ చదువుతూ 19 ఏళ్లు దాటిన అమ్మాయి వీటి పరిధి దాటిపోతుంది. నెలసరి మాత్రం ఆగదు కదా!

17.2 సాధనాలు మూడు రకాలు

(అ) ఒకసారి వాడి పారవేసే ప్యాడ్లు: వీటిలో ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది మట్టిలో కలవడానికి వందల సంవత్సరాలు పడుతుందని అంచనా.

(ఆ) గుడ్డ ప్యాడ్లు: మన అమ్మమ్మలు వాడిన గుడ్డకు ఇది మెరుగైన రూపం. వీటికి 2021లో భారతీయ ప్రమాణం కూడా ఏర్పడింది. ముందు చల్లని నీటితో, తరువాత సబ్బుతో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరవేయాలి. సిగ్గుపడి చీకటి మూలలో ఆరవేస్తే తడి మిగిలి క్రిములు పెరుగుతాయి.

(ఇ) కప్పు: మెత్తని సిలికోన్‌తో చేసినది. శరీరం లోపల అమర్చుకోవాలి. తయారీదారు చెప్పిన గడువులోగా, ఎట్టి పరిస్థితిలోనూ 12 గంటలు దాటకుండా తీసి కడగాలి. ప్రతి నెలసరికి ముందు, తరువాత నీటిలో మరిగించాలి. జాగ్రత్తగా వాడితే పదేళ్ల వరకు మన్నుతుంది. కాపర్-టి ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి.

17.3 లెక్క చేద్దాం

నెలకు 15 ప్యాడ్లు, ఒక్కొక్కటి 6 రూపాయలు అనుకుందాం. మూడేళ్ల డిగ్రీకి 15 × 36 = 540 ప్యాడ్లు కావాలి. ఖర్చు 3,240 రూపాయలు. కప్పు ధర 400 రూపాయలు అనుకుంటే, ఆ ఖర్చు ఒక్కసారే.

మరి అందరూ కప్పే ఎందుకు కొనరు? ప్యాడ్ల పొట్లానికి ఈ నెల 90 రూపాయలు చాలు. కప్పుకు 400 ఒకేసారి తీయాలి. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవారే చివరకు ఎక్కువ ఖర్చు చేస్తున్నారన్నమాట. జన ఔషధి కేంద్రాలలో ప్యాడ్ ధర 2019లో ఒక రూపాయికి తగ్గింది. దీనివల్ల ఖర్చు తగ్గుతుంది గాని, పారవేసే ప్యాడ్ల సంఖ్య తగ్గదు.

17.4 ధర తరువాత ఏమిటి?

హాస్టలు గదిలో పొయ్యి లేకపోతే కప్పును ఎక్కడ మరిగించాలి? నలుగురు చూసే వరండాలో గుడ్డను ఎలా ఆరవేయాలి? వానాకాలంలో ఎండ లేనప్పుడు ఏం చేయాలి? నీరు, గడియ ఉన్న తలుపు, మూత ఉన్న చెత్తబుట్ట, ఆరవేసే చోటు, సందేహం తీర్చే మనిషి – ఇవన్నీ ఉంటేనే అందుబాటు.

కేరళలోని ఆలప్పుళ పురపాలక సంఘం 2019లో అయిదు వేల కప్పులను ఉచితంగా పంచే కార్యక్రమం చేపట్టింది. కప్పులతో పాటు అవగాహన తరగతులు కూడా ఏర్పాటు చేశారు. స్కాట్లండ్‌లో 2022 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం కళాశాలలు, విశ్వవిద్యాలయాలు ఈ సాధనాలను ఉచితంగా అందించాలి. ఏ రకం వాడాలో ఎంచుకునే అవకాశమూ ఇవ్వాలి. ఎంపిక ముఖ్యం. కప్పు ఇష్టం లేని అమ్మాయిని బలవంతపెట్టకూడదు.

17.5 మనం ఏం చేయవచ్చు?

కళాశాల తలచుకుంటే కప్పు ధరను నాలుగు నెలలకు నూరేసి రూపాయల చొప్పున వసూలు చేయవచ్చు. మరిగించడానికి ఒక విద్యుత్ కెటిల్, ఆరవేయడానికి డాబామీద తెర కట్టిన చోటు ఏర్పాటు చేయవచ్చు. వాడిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి, ఎర్రని గుర్తు పెట్టి ఇస్తే పారిశుద్ధ్య కార్మికురాలు దాన్ని చేతితో విప్పి చూడవలసిన అవసరం ఉండదు. ఆమె గౌరవం కూడా మన బాధ్యతే.

పాఠంలోని ప్రశ్నలు

1. గుడ్డ ప్యాడ్‌ను నీడలో ఎందుకు ఆరవేయకూడదు?
2. ఒక్కొక్కటి రూపాయి చొప్పున 540 ప్యాడ్లకు ఎంత ఖర్చవుతుంది?
3. మీ ఇంటిలో లేదా చదువుకునే చోట 17.4లో చెప్పిన అయిదింటిలో ఏవి లేవు? వాటిలో ముందుగా దేన్ని, ఎవరిని అడిగి సాధించవచ్చు?

జవాబులు: 1. తడి మిగిలి క్రిములు పెరుగుతాయి. 2. 540 రూపాయలు. 3. మీ అక్కచెల్లెళ్లతో, స్నేహితురాళ్లతో చర్చించి సొంతంగా రాయండి.