ముల్లును దింపిందెవరు?

లాలాగూడ,
సికింద్రాబాద్.

చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఫిజిక్సులో బలాల లెక్కలు బుర్రకెక్కడం లేదని, ఎంపీసీ మానేస్తానని రాశావు. అది విన్నప్పటి నుంచి మీ నాయనమ్మకు నిద్ర లేదు. గ్రూపు సంగతి మీ నాన్నా నువ్వూ మాట్లాడుకోండి. ఆ లెక్కకు భయపడి మాత్రం మారొద్దు. నేను రైలింజన్లో ఉద్యోగం వెలగబెట్టినంత కాలం చేసింది ఆ లెక్కే తల్లీ.

స్టేషన్ వదిలి బండి వేగం అందుకున్నాక డ్రైవరు ఒకసారి బ్రేకు వేసి చూడాలి. బ్రేక్ ఫీల్ టెస్ట్ అంటాం. వెనక ఏ పెట్టె కింద బ్రేకు ఎంత పట్టిందో ఇంజన్లో ఉన్నవాడికి కనపడదు. కనపడేది స్పీడు ముల్లు. అది ఎంతసేపట్లో ఎంత దిగిందో చూసి బ్రేకు సత్తా పోల్చుకోవాలి.

గంటకు 54 కిలోమీటర్ల వేగం 10 సెకన్లలో 36కు దిగిందనుకో. సెకనుకు 15 మీటర్ల నుంచి 10కి వచ్చింది. అంటే వేగం ప్రతి సెకనుకూ అర మీటరు చొప్పున తగ్గింది. బండి 1,200 టన్నులైతే, 12 లక్షల కిలోలను అరతో గుణించు. బండి వేగాన్ని తగ్గించిన బలం 6 లక్షల న్యూటన్లు.

అక్కడితో పెన్ను మూయకు! నేను అసిస్టెంటుగా కాజీపేట లైన్లో తిరిగే రోజుల్లో మా పెద్ద డ్రైవరుగారు, "ముల్లు దిగింది సరే, దింపిందెవరు?" అని నిలదీసేవారు. బ్రేకు అంటే ఊరుకునేవారు కాదు. "ఇంకా?" గాలి. "ఇంకా?" పట్టాల రాపిడి. "ఇంకా?" ఎత్తు. అన్నీ చెప్పాకే తన క్యారియరు విప్పి ఆవకాయన్నం నాకింత పెట్టేవారు. ఆ చేతి రుచి ఇప్పటికీ మరవలేను.

బండి నడక చెప్పేది అన్ని బలాలూ కలిసిన ఫలిత బలాన్నే. 200 మీటర్లకు 1 మీటరు ఎక్కే దారిలో ఆ 6 లక్షల్లో 59 వేల దాకా ఎత్తు వాటా. దాన్ని బ్రేకు ఖాతాలో రాస్తే, పల్లంలో ప్రాణం మీదికొస్తుంది. అందుకే ప్రతి లెక్కకూ ముందు వస్తువు బొమ్మ గీసి, ఆ వస్తువు మీద పనిచేసే బలాలన్నిటికీ బాణాలు పెట్టు. ఒక్కటీ వదలకు. ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

నడకను చూసి బలాన్ని పోల్చుకోవడం, న్యూటన్ చేసిందీ ఇదే. గ్రహాలు దీర్ఘవృత్తంలో తిరుగుతాయని కెప్లర్ చెప్పిన నడకను పట్టుకుని, సూర్యుడి లాగుడు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని 1687లో ప్రిన్సిపియాలో నిరూపించాడు.

దసరా సెలవులకు రా. బేగంపేట దాకా ఎంఎంటీఎస్‌లో వెళ్దాం. 60 సెంటీమీటర్ల దారానికి తాళంచెవి కట్టి పట్టుకో. చదును దారిలో బ్రేకు పడ్డప్పుడు అది 3 సెంటీమీటర్లు ముందుకు వాలి నిలిస్తే, వేగం సెకనుకు అర మీటరు చొప్పున తగ్గుతున్నట్టే. నీ కళ్లతో చూశాక కూడా వద్దనిపిస్తే అప్పుడు మానేయి, నేను అడ్డు రాను. ఈలోగా రాత్రుళ్లు మేలుకోకు, వేళకు తిను.

నీ తాతయ్య